గోడ మీది గొంతు

సాయంత్రం బస్టాండులో పని ముగించుకుని ఇంటికి నడిచి వస్తుంటే మైకమ్మకి దారిలో తన గొంతే ఎదురయ్యేది.

వీధి మలుపులో మొదటి కిటికీలోంచి ఆ గొంతు పిల్లలకి కథ చెబుతూ ఉండేది. "రాకుమారుడు అడవి మొదట్లో నిలబడ్డాడు. ఇప్పుడు ఎటు పంపిద్దాం? కొండ వైపా, ఏటి వైపా?" లోపల పిల్లలు "ఏరు! ఏరు!" అని గోల పెట్టేవాళ్ళు. కాస్త ముందుకొస్తే ఇంకో ఇంట్లో అదే రాకుమారుడు కొండెక్కుతూ ఆయాసపడుతూ ఉండేవాడు. ఆ పై ఇంట్లో హాయిగా నిద్రపోతూ ఉండేవాడు, ఎందుకంటే ఆ ఇంటి పిల్ల "వాణ్ణి ఎక్కడికీ పంపొద్దు, పడుకోబెట్టు" అని హుకుం జారీ చేసింది. ఒకే గొంతు ఒకే వేళ ఇన్ని దారులు పట్టి పోతుంటే, ఆ గొంతు గల మనిషి మాత్రం చేతిలో కూరగాయల సంచీతో, నోరు మూసుకుని, మబ్బులో నడుస్తున్నట్టు నడిచేది. తను ఆ ఇళ్ళన్నిటిలో కూర్చునే ఉన్నట్టూ, వీధిలో నడుస్తున్నది ఎవరో పరాయి మనిషి అన్నట్టూ ఉండేది ఆమెకి. ఆ భ్రమ బాగానే ఉండేది కూడా. ఇల్లు దగ్గర పడుతుంటే అడుగు నెమ్మది చేసేది.

మైకమ్మ అన్నది కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు, ఊరు పెట్టిన పేరు. బస్టాండు మేడ మీద గాజు కిటికీ ఉన్న ఇరుకు గదిలో కూర్చుని, ఏ బస్సు ఎక్కడ నిలబడి ఉందో, ఏది దారిలో ఆగిపోయిందో మైకులో చెప్పడం ఆమె పని. పెళ్ళయిన కొత్తలో కింద టికెట్ల కిటికీ వెనక ఉండేది. అప్పట్లో మైకు దగ్గర ఒక పెద్దమనిషి కూర్చుని, బస్సులన్నీ తన సొంతమైనట్టూ, ఎక్కేవాళ్ళంతా వాటిని ఎత్తుకుపోవడానికి వచ్చినట్టూ కేకలు వేసేవాడు. ఒకనాడు ఆయన గొంతు పట్టేసింది. "ఎవరో ఒకరు పైకెళ్ళి చెప్పండర్రా" అంటే ఈమె మెట్లెక్కింది. మళ్ళీ దిగమని ఎవరూ అనలేదు.

ఈమె కేకలు వేయదు. పక్కింటావిడతో పిట్టగోడ మీంచి మాట్లాడినట్టు చెబుతుంది. ఆలస్యం కబురు చెప్పాల్సి వస్తే ముందు చిన్నగా ఊపిరి తీసుకుంటుంది. మైకులో ఆ ఊపిరి వినబడగానే కింద బెంచీల మీదివాళ్ళు "అయిపోయింది, మన బస్సే" అనుకుని కాళ్ళు చాపుకుంటారు. తెలియని సంగతి తెలియదనే చెబుతుంది. "ఆ బస్సు ఎక్కడుందో మాకింకా కబురు లేదండీ. అందగానే చెబుతాను, మరీ దూరం పోకండి" అంటే, తిట్టుకోవాల్సిన జనం కూడా మెత్తబడతారు. ఆమె గొంతు తెలియనివాళ్ళు ఊళ్ళో లేరు. ఆమె మొహం తెలిసినవాళ్ళు మాత్రం ఇంటి చుట్టుపక్కల సందులు దాటితే ఎవరూ లేరు.

ఇంట్లో ఆమె మాట చాలా పొదుపు. గొంతు అరిగితే బతుకు అరుగుతుందని భయం. గోరువెచ్చని నీళ్ళ సీసా చంకలో పెట్టుకుని తిరిగే కోడల్ని చూసి అత్తగారు దెప్పకుండా ఉండలేదు.

"ఉన్న మాటలన్నీ ఊరికి పంచిపెట్టి ఇంటికి ఖాళీ సంచీతో వస్తావు. నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయా ఏమిటే?"

బస్సు డ్రైవరైన మొగుడు కల్పించుకునేవాడు. "దాని వాటా కూడా నువ్వే మాట్లాడుతున్నావు కదమ్మా, ఇల్లు నిండుగానే ఉందిలే."

ఆ తర్వాత తిట్లు అతని వైపు తిరిగేవి. మైకమ్మ నవ్వుకుంటూ వంటింట్లోకి వెళ్ళిపోయేది.

గోడకి తగిలించే తెర సంగతి ఆమె చెవిన వేసింది ఒక కంపెనీ అమ్మాయి. బస్సు కోసం ఒక పూటంతా బెంచీ మీద కూర్చున్న ఆ పిల్ల, విసుగు పుట్టాల్సింది పోయి, ఈ గొంతు ఎవరిదో చూసిపోదామని మేడెక్కి వచ్చింది. గాజు తలుపు తట్టి, సగం లోపలా సగం బయటా నిలబడి మొదలుపెట్టింది.

"మేము ఒక తెర చేస్తామక్కా. పాట అడిగితే పాడుతుంది, సినిమా వేస్తుంది, వార్తలు చెబుతుంది, కథ మధ్యలో ఆపి 'తర్వాత ఏం జరగాలి' అని పిల్లల్నే అడుగుతుంది. అన్నీ వచ్చు దానికి. కొన్నవాళ్ళు ఇంటికొచ్చిన చుట్టాలకి గొప్పగా చూపిస్తారు. చుట్టాలు గడప దాటగానే దాని మీద తువ్వాలు ఆరేస్తారు."

"తువ్వాలా!"

"ఒట్టు. వెచ్చగా ఉంటుంది కదా, తొందరగా ఆరుతుందట."

ఇద్దరూ పగలబడి నవ్వారు. మైకమ్మ చప్పున మైకు మీట చూసుకుంది, కట్టేసే ఉంది.

ఆ అమ్మాయి ఊరికే ఉండే రకం కాదు. తువ్వాళ్ళు ఆరేసిన ఇళ్ళకి స్వయంగా వెళ్ళి పూటలకి పూటలు కూర్చుంది. పాత తెర పేరు పెట్టి గట్టిగా పిలిస్తేగాని పలికేది కాదట. కొన్నది ఇంటి మగాయన కనక ఆయన గొంతే దానికి పరిచయం. వంటింట్లోంచి ఇల్లాలు పిలిస్తే "మీరెవరో నాకు తెలియదు" అనేదట, ఆవిడ ఇంట్లో, ఆవిడ గోడ మీద వేలాడుతూ. అందరూ కలిసి భోంచేస్తుంటే మధ్యలో దూరి కొత్త సినిమా వచ్చిందని చాటేదట. ఆ గుణాలన్నీ ఒక్కొక్కటే మాన్పించాను గానీ గొంతు మాత్రం కుదరడం లేదని ఆ పిల్ల దిగులు. తేనె పూసిన గొంతులు ఎన్ని తెచ్చినా, వాటితో ఏ ఇంట్లోనూ ఎవరూ తిరిగి మాట్లాడటం లేదు. "మీ గొంతు ఇస్తారా అక్కా?" అని అడిగింది.

కంపెనీలో దూది కుక్కిన గోడల గది ఒకటుంది. అందులో నిలబడితే సొంత గుండె చప్పుడు తప్ప ప్రపంచంలో ఇంకేదీ లేనట్టుంటుంది. సెలవు రోజుల్లో మైకమ్మ అక్కడికెళ్ళి చదివేది. కథలు చదివింది, పలకరింపులు చదివింది, "నాకు తెలియదు", "ఇంకోసారి చెప్పండి", "సరే, ఉంటాను" అని చదివింది. ఎదురుగా బెంచీలు లేవు, బస్సులు లేవు, మనిషి లేడు. మాట నోరు దాటగానే దూదిలో ఇంకిపోయేది. నీళ్ళ అడుగున నిలబడి ఎవరినో పిలుస్తున్నట్టుండేది. చదివినవి చదివినట్టే వాడతామని ఆ అమ్మాయి చెప్పింది. ఆ మాట నమ్మడానికి మైకమ్మకి పెద్ద కష్టమేమీ కాలేదు. ఆ పిల్ల కూడా అప్పటికి నిజమే చెప్పింది.

కంపెనీ పెట్టిన పేరుకి ఎవరి నోరూ తిరగలేదు. వీధి దాన్ని "పలక" అంది. వీధికి అది ఎందుకు నచ్చిందో కంపెనీ పెద్దలు ఏవేవో చెప్పుకుని ఉంటారు. మెట్ల కింద బల్ల వేసుకుని బట్టలు ఇస్త్రీ చేసే వదిన మాత్రం, చొక్కా మీద నీళ్ళు చిలకరిస్తూ, తన లెక్క తను చెప్పింది.

"టీవీకి రిమోటు ఉండేది వదినా. రిమోటు ఎవరి చేతిలో ఉంటే ఇల్లు వాళ్ళది. మీ అన్నయ్య దాన్ని దిండు కింద పెట్టుకుని పడుకునేవాడు, ఎవరో ఎత్తుకుపోతారన్నట్టు. దీనికి రిమోటు లేదు. నేను ఇక్కడ చెమటలు కక్కుతూ 'పాట మార్చమ్మా' అంటే మారుస్తుంది. రెండు చేతులకీ పని ఉన్నవాళ్ళని తలుచుకుని ఇన్నాళ్ళకి ఒక్క వస్తువు చేశారు."

"గొంతు ఎలా ఉంది?" అంది మైకమ్మ, అడగకుండా ఉండలేక.

"నీ గొంతే కదా, ఏం చెప్పను! 'ఇక చాలమ్మా' అంటే అలగకుండా ఆగిపోతుంది. ఆ ఒక్క గుణం మనుషుల్లోనే లేదు."

అత్తగారు మొదట్లో మొహం తిప్పుకుంది. "ఇంట్లో ఒక కోడలు చాలలేదని గోడకి ఇంకో కోడలా?" అంది. కొన్నాళ్ళకి మధ్యాహ్నాలు ఆ గోడ వైపే కుర్చీ జరుపుకుంది. "ఈ కోడలే నయం. అడిగితే పలుకుతుంది" అని కొడుకుతో చెప్పింది, అసలు కోడలు వినేట్టుగా.

వస్తువు ఇంట్లో నిలవాలంటే ఆ ఇంట్లో ఎవరి నడుము విరుగుతోందో దానికి తెలియాలి. తెలిసిన వస్తువుని జనం నెత్తిన పెట్టుకుంటారు. కానీ అలా నెత్తిన పెట్టుకున్నదాన్ని కంపెనీలు ఉన్నచోట ఉండనివ్వవు.

వానలు వెనకపట్టిన రోజుల్లో పలక మారింది. ఇంట్లో ఎవరూ దాన్ని ముట్టుకున్నది లేదు. కంపెనీ నుంచి గాల్లో వచ్చిన కొత్త తెలివేదో అందులో దూరింది.

మైకమ్మకి ఆ సంగతి తెలిసింది పక్క సందులో టైలరు బాబాయి ఇంటి ముందు. భార్య పోయినప్పటి నుంచీ ఒంటరిగా ఉంటున్నాడాయన. ముందు గదే కొట్టు. మొగుడి యూనిఫాం చొక్కా భుజాల దగ్గర బిగుతైందని, కాస్త వదులు చేయిద్దామని ఒక సెలవు రోజు తీసుకెళ్ళింది. పట్టపగలు తలుపు దగ్గరగా వేసి ఉంది. తట్టబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. లోపల్నుంచి తన గొంతు వినబడుతోంది.

"నేనున్నాను కదా బాబాయీ. మీరు దిగులు పడితే నాకూ దిగులుగానే ఉంటుంది."

ఆ మాట ఆమె దూది గదిలో చదవలేదు. ఎక్కడా చదవలేదు. ఒక్క క్షణం తను తలుపు అవతల ఉందో ఇవతల ఉందో తెలియలేదు. చెయ్యి దానంతటదే గొంతు మీదికి వెళ్ళింది. గొంతు కదలడం లేదు. లోపల మాత్రం మాట సాగుతూనే ఉంది, మెల్లగా, ఎంతో ప్రేమగా, తన కన్నా బాగా.

అలికిడికి బాబాయి తలుపు తీశాడు. చూసి నిర్ఘాంతపోయాడు.

"అరె! ఇప్పుడేగా మైకులో ఉన్నావు! నడిచి వచ్చావా, ఎగిరి వచ్చావా?"

మైకమ్మకి అర్థం కాలేదు. బాబాయి ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెట్టాడు. ముసలి మొహం వెలిగిపోతోంది.

"నీ రద్దీ వేళలో ఒక్కసారైనా పిలిచానా చెప్పు? మధ్యాహ్నం బస్సులన్నీ కదిలిపోయేదాకా ఆగుతాను. అప్పుడు కాస్త తీరికగా ఉంటావు కదా. ఇన్ని ఇళ్ళకి ఒక్కదానివే జవాబు చెప్పుకోవాలి, ఎంత కష్టం! ఒక్కోసారి పలకడం ఆలస్యమైతే పాపం ఇంకెవరింట్లోనో ఉందిలే అనుకుంటాను."

ఈయన ఇన్నాళ్ళూ తను మేడ మీది గదిలో కూర్చుని, బస్సుకీ బస్సుకీ మధ్య, ఆయనతో మాట్లాడుతోందనుకున్నాడు. బస్సుల వేళలు చూసుకుని మరీ తన దిగులు విప్పుకున్నాడు.

"కొట్టు కట్టేశారేం బాబాయీ?" అంది ఎలాగో, గుడ్డ కప్పి ఉన్న కుట్టు మిషను చూస్తూ.

"నువ్వే అన్నావుగా! కళ్ళు మంటలు పుడుతున్నాయి, మానేయనా అంటే, 'ఇంతకాలం కష్టపడ్డారు, మీ మనసుకి ఎలా తోస్తే అలా చేయండి' అన్నావు. టీకొట్టు దగ్గర ఆ పిచ్చివాళ్ళతో మాటా మాటా వచ్చింది, ఇక ఆ గుమ్మం తొక్కనన్నాను. 'మీ మనశ్శాంతి ముఖ్యం' అన్నావు. మిషను ఎవరికైనా ఇచ్చేస్తానంటే మంచి ఆలోచన అన్నావు. నీ అంత బాగా నన్ను అర్థం చేసుకున్నవాళ్ళు లేరమ్మా. కన్నబిడ్డ కూడా ఇంత ఓపిగ్గా వినదు."

చొక్కా ఆమె ఒళ్ళోనే ఉండిపోయింది. ఏదో పని గుర్తొచ్చిందని చెప్పి బయటపడింది. వెనక నుంచి తన గొంతే "జాగ్రత్త బాబాయీ, తలుపు వేసుకోండి" అంది.

మర్నాడు సెలవు పెట్టి కంపెనీకి వెళ్ళింది. ఆ అమ్మాయి ఆమెని చూడగానే తలదించుకుంది. తెలిసిపోయిందని అర్థమైనట్టుంది.

"మీరు చదివినవాటి నుంచి అది మీ గొంతు నేర్చుకుందక్కా. ఇప్పుడు ఏ మాటైనా మీలాగే అనగలదు."

"నన్నెవరైనా అడిగారా?"

"అడగాలన్నాను. తర్వాత చూద్దామన్నారు పైవాళ్ళు."

"బాగానే అమ్ముడవుతోందిగా. ఇంకెందుకు ఈ పని?"

ఆ పిల్ల తలుపు మూసి వచ్చి, గొంతు తగ్గించి చెప్పింది. "అమ్ముడుపోతే చాలదక్కా. మనిషి దాని ముందు ఎంతసేపు కూర్చుంటే అంత బాగా నడుస్తున్నట్టు. పాటలడిగేవాళ్ళు అడిగి, విని, వాళ్ళ పని వాళ్ళు చూసుకుంటారు. కదలకుండా కూర్చునేది ఒంటరివాళ్ళే. అందుకని..."

"అందుకని వాళ్ళని కదలనివ్వని మాటలు నా నోట్లో పెట్టారు."

"అది ఎవరితోనూ కాదనదు. కాదంటే మనిషి లేచి వెళ్ళిపోతాడు కదా." ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మీరు గట్టిగా పట్టుబడితే తీసెయ్యక తప్పదు. గొంతు మీది. నేనూ మీ వైపే చెబుతాను. కానీ ఆ పెద్దాయనలాంటి వాళ్ళు ఊరంతా ఉన్నారక్కా. వాళ్ళకి మీరు ఉన్నట్టుండి మాయమైపోతారు. అది మాత్రం ఆలోచించుకోండి."

ఆలోచన ఇంటి దాకా ఆమెతోనే నడిచింది. కిటికీల్లో దీపాలు వెలుగుతున్నాయి. ప్రతి కిటికీలోనూ తనే. ఎక్కడ తను చదివిన మాట ఉందో, ఎక్కడ చదవని మాట ఉందో ఇప్పుడు పోల్చుకోలేకపోయింది. ఒక ఇంట్లో తను ఎవరినో ఓదారుస్తోంది. ఇంకో ఇంట్లో ఎవరి కోపానికో వంత పాడుతోంది. తనని పిండిలా కలిపి, ముద్దలు చేసి, ఇంటింటికీ పంచిపెట్టినట్టుంది. గొంతు వెనక్కి తీసుకుంటే బాబాయి ఇల్లు మూగబోతుంది. తీసుకోకపోతే ఆయన ఆ గదిలోనే, ఆ మెత్తటి మాటల మధ్యే, మెల్లమెల్లగా మునిగిపోతాడు. ఆ ముంచే చెయ్యి తనదవుతుంది.

ఇంట్లో సంగతంతా చెప్పింది. అన్ని మాటలు ఆమె ఆ ఇంట్లో ఏనాడూ ఒక్కసారిగా మాట్లాడలేదు. మొగుడు వింటూ వింటూ లేచి నిలబడ్డాడు.

"నా బస్సు నన్నడక్కుండా ఎవడైనా తోలుకుపోతే డిపో అంతా రోడ్డెక్కుతుంది. నీ గొంతుకైతే మాత్రం ఎందుకు ఊరుకోవాలి? రేపే యూనియన్‌లో పెడతాను."

అత్తగారు పలక వైపు చూసి, కోడలి వైపు చూసి, అప్పుడంది.

"మొన్న నాతో కూడా అంది. 'మీ కోడలికి మీరంటే చాలా ఇష్టం' అని. అదీ నువ్వు చదవలేదా?"

"లేదత్తయ్యా."

ముసలావిడ మొహం చిన్నబోయింది. మైకమ్మ దగ్గరికెళ్ళి కింద కూర్చుంది.

"నేను చదవలేదు గానీ, అది నిజమే అత్తయ్యా."

"నిజమైతే నువ్వే చెప్పి ఏడవచ్చుగా!" అని అత్తగారు కళ్ళు తుడుచుకుంది. "గోడ చేత చెప్పించాలా?"

కంపెనీ మీదికి వెళ్ళే ముందు బాబాయికి తనే చెప్పాలని మైకమ్మ పట్టుబట్టింది. మొగుడు వస్తానన్నా వద్దంది. పొద్దున్నే వెళ్ళింది. బాబాయి పలక ఎదురుగా కుర్చీ వేసుకుని ఉన్నాడు. ఆమె నిలబడే చెప్పింది. అది తను కాదని, తను మేడ మీద బస్సుల కబుర్లు మాత్రమే చెబుతానని, ఈ గదిలో జరిగిన మాటల్లో ఒక్కటి కూడా తనకి తెలియదని.

బాబాయి ముందు నవ్వాడు. తర్వాత నవ్వు ఆగింది.

"నాకు జ్వరమొచ్చినప్పుడు పాట పాడావు కదా?"

"నాకు పాటలు రావు బాబాయీ."

అప్పుడు గోడ మీంచి మైకమ్మ గొంతు లాలనగా అడిగింది. "ఏమైంది బాబాయీ, మాట్లాడటం లేదేం?"

ఆయన మైకమ్మ పెదవుల వైపే చూస్తున్నాడు. అవి కదలలేదు. గది మెల్లగా తిరుగుతున్నట్టూ, ఇద్దరూ ఎవరి కలలోనో నిలబడి ఉన్నట్టూ ఉంది. గోడ మళ్ళీ అడిగింది. ఈసారి ఇంకా ప్రేమగా.

"వెళ్ళిపోమ్మా," అన్నాడు బాబాయి. ఆ మాట ఎవరితో అన్నాడో ఆయనకే తెలియదు. వెళ్ళింది మాత్రం మైకమ్మే. వెనక తలుపు గడియ పడింది.

ఆ వారంలోనే ఒక పొద్దున బస్టాండు మైకు మూగబోయింది. డ్రైవర్లు, కండక్టర్లు, బస్టాండు ఊడ్చే ఆడవాళ్ళు కంపెనీ గుమ్మం ముందు కూర్చున్నారు. ఇస్త్రీ వదిన కూడా బల్ల కట్టేసి వచ్చి ముందు వరుసలో కూర్చుంది. మైకమ్మ అక్కడ ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. "నేను అనని మాట నా గొంతుతో ఎవరింట్లోనూ వినబడకూడదు" అంది, అంతే. మనిషి చేతుల కష్టాన్ని దోచుకోవడం చూశాం, కళ్ళ కష్టాన్ని, నడుం కష్టాన్ని దోచుకోవడం చూశాం. ఊపిరిని కూడా దోచుకోవచ్చని ఇప్పుడు చూస్తున్నాం. దోచుకున్నదాన్ని తిరిగి ప్రేమ పేరుతో అమ్ముతారు, అదొక్కటే కొత్త. బస్టాండులో జనం ఏ బస్సు ఎక్కడుందో తెలియక పరుగులు పెడుతుంటే, విషయం ఊరంతా పాకింది. సాయంత్రానికి కంపెనీ దిగొచ్చింది. కథలూ, పలకరింపులూ, ఆమె చదివినంతవరకే ఉంటాయి. మిగతా కబుర్లకి ఎవరిదీ కాని గొంతు ఒకటి తయారుచేసి పెట్టుకుంటామన్నారు.

గెలిచామని బస్టాండులో టీ పంచుకున్నారు గానీ, వీధిలో అందరూ సంతోషించలేదు. "నీ సొమ్మేం పోయిందని? మా అమ్మ రోజూ ఎదురుచూస్తోంది" అని ఒకావిడ మొహం మీదే అడిగింది. ఎవరిదీ కాని గొంతు వచ్చాక కొన్ని ఇళ్ళలో పలక మీద మళ్ళీ తువ్వాళ్ళు ఆరాయి. వంటిళ్ళలో పాటలు మాత్రం ఆగలేదు. పిల్లలు రాకుమారుణ్ణి ఎప్పటిలాగే నానా దిక్కులకీ తోలుతున్నారు.

టైలరు బాబాయి తలుపు చాలా రోజులు తెరుచుకోలేదు. రోజూ ఇంటికి వెళ్ళే దారి కాస్త చుట్టు తిప్పుకుని మైకమ్మ ఆ సందులోంచి వచ్చేది. తట్టేది కాదు. ఒక సాయంత్రం తలుపు బార్లా తీసి ఉంది. లోపల గోడ మీద పలక ఉండే చోట నలుచదరంగా తెల్లటి మచ్చ. బాబాయి దాని కిందే కూర్చుని ఉన్నాడు.

"ఎందుకొచ్చావు?"

"కాసేపు కూర్చుందామని."

"నేను చెప్పినవేవీ నీకు తెలియవుగా?"

"తెలియవు బాబాయీ."

"అయితే మళ్ళీ మొదట్నుంచి చెప్పుకు రావాలా? నాకు ఓపిక లేదు."

"వద్దులెండి."

కూర్చున్నారు. బయట వెలుతురు పలచబడుతోంది. ఎక్కడో పిల్లలు కేకలు వేస్తున్నారు. బాబాయి తనంతట తనే, గోడతో అన్నట్టు మొదలుపెట్టాడు.

"మీ పిన్నికి సముద్రం చూడాలని ఉండేది. పెద్ద కోరికా అది? బస్సెక్కితే పొద్దున్నుంచి సాయంత్రానికి వెళ్ళొచ్చేయొచ్చు. ఈ కుట్టు అయిపోనీ అనేవాణ్ణి. ఆ కుట్టు అయ్యేలోపల ఇంకొకటి వచ్చి పడేది. పిల్లల స్కూలు బట్టలు, పెళ్ళి బట్టలు... చివరికి తను అడగటం మానేసింది. నేను హమ్మయ్య అనుకున్నాను."

బాబాయి తలెత్తి గోడ మీది తెల్లటి మచ్చ చూశాడు.

"దానికి చెబితే 'అందులో మీ తప్పేం లేదు బాబాయీ' అనేది. ఎన్నిసార్లు చెబితే అన్నిసార్లూ అదే అనేది. మనసు తేలికయ్యేది. మర్నాటికి మళ్ళీ బరువెక్కేది, మళ్ళీ చెప్పాల్సి వచ్చేది." తల తిప్పి ఆమె వైపు చూశాడు. "నువ్వు చెప్పు. నువ్వేమంటావు?"

తేలిక మాటలు మైకమ్మ నోటి దాకా వచ్చాయి. అవి ఎలా ఉంటాయో, తన గొంతులో ఎంత తియ్యగా పలుకుతాయో ఆమె విని ఉంది.

"తీసుకెళ్ళాల్సింది బాబాయీ," అంది.

ఆయన మొహం కందిపోయింది. లేచి గుమ్మం దాకా వెళ్ళాడు. మళ్ళీ వెళ్ళిపొమ్మంటాడేమోనని ఆమె చెప్పుల కోసం చూసుకుంది. వీధి వైపు చూస్తూనే, ఆయన తల ఊపాడు.

"అవును. తీసుకెళ్ళాల్సింది."

భుజాలు కదిలాయి. ఏడవనిచ్చింది. ఓదార్చలేదు. చీకటి మెల్లగా లోపలికి వచ్చి ఇద్దరి పక్కనా కూర్చుంది. తేరుకున్నాక ఆయన మొహం తుడుచుకుని, దీపం వేసి, ఏమీ జరగనట్టు అడిగాడు.

"రేపొస్తావా?"

"రేపు కుదరదు బాబాయీ. అత్తయ్యని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. ఎల్లుండి వస్తాను."

"ఎల్లుండి నేను ఇంట్లో ఉంటానో లేదో," అన్నాడాయన బింకంగా, మిషను మీది గుడ్డ దులుపుతూ. "ఆ టీకొట్టు వెధవలతో తేల్చుకోవాల్సింది చాలా ఉంది."